మా షెడ్డులో ర్యాక్ ఎందుకు పడింది?

మా నాయన కణేకల్లో బోరు మోటర్లు రిపేరు చేస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. వైండింగు, బుష్‌లు మార్చడం, స్టార్టర్లు బాగుచేయడం అంతా అందులోనే. సెకండియర్ ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక రోజు జరిగింది చెప్తాను. అనంతపురం జిల్లా సంగతి మీకు తెలుసు, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. తుంగభద్ర నుంచి వచ్చే హెచ్చెల్సీ కాలువ నీళ్ళు అందినోళ్ళు వరి పెడతారు, మిగతావాళ్ళకు బోరే దిక్కు. ఆ రోజు ఒక రైతు మిరపతోట మోటరు విప్పి తెచ్చినాడు. థ్రస్ట్ బేరింగు పోయింది. సరిపడే బేరింగు మా షెడ్డులోనే ఉందని నాయనకు తెలుసు, యాడుందో తెలీదు.

పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ముగ్గురం వెతికినాం. ఆయన గడప దగ్గర కూర్చుని, "అన్నా, ఈ పొద్దే దించల్లన్నా, తోట వాడిపోతాంది" అని నాలుగుసార్లు అన్నాడు. చివరికి నాయన బస్సెక్కి రాయదుర్గం పోయి కొత్తది తెచ్చినాడు. మోటరు బోర్లోకి దిగేసరికి చీకటి పడింది. మూడు రోజులకు పాత బేరింగు దొరికింది, తెగిన బెల్టుల మూట కింద, దాని అట్టపెట్టెలోనే, గ్రీజు కూడా ఆరకుండా.

ఇంజనీరింగ్ చదివే కొడుకు ఇంట్లో ఉండి ఇట్లా జరగడమేమిటని నాకు పౌరుషమొచ్చింది. ర్యాక్ నేను కట్టిస్తానన్నాను. కట్టినాను. పదకొండో రోజు అది పడిపోయింది. ఎందుకు పడింది, రెండోది ఎందుకు నిలబడింది అనేదే ఈ వ్యాసం. హాస్టల్ రూములో పుస్తకాల అల్మారా కట్టుకునేవాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేది ఉంటుంది.

నేను వాడింది స్లాటెడ్ యాంగిల్, అంటే పొడవునా రంధ్రాలున్న 'ఎల్' ఆకారపు ఇనుప పట్టీ. కిరాణా అంగళ్ళలో, మందుల షాపుల్లో, మన కాలేజీ స్టోర్ రూములో చూసే ఉంటారు. దీన్ని మార్కెట్లోకి తెచ్చినవాడు డిమిట్రియస్ కొమినో. ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రీకు కుటుంబపువాడు, ఇంగ్లండులో ప్రింటింగ్ ప్రెస్ నడిపిన ఇంజనీరు. అవసరం మారినప్పుడల్లా పాత అల్మారాలు పగలగొట్టి కొత్తవి చేయించడం ఆయనకు దండగనిపించింది. పిల్లలు ఆడుకునే మెకానో సెట్టు లాగా విప్పి మళ్ళీ బిగించుకునే ఇనుప పట్టీ ఉంటే చాలనుకున్నాడు. 1947లో డెక్సియన్ అని కంపెనీ పెట్టి అమ్మినాడు. ఆ డెక్సియన్ పట్టీకి మనవలో మునిమనవలో ఇప్పుడు బళ్ళారి పాత ఇనుప అంగళ్ళలో కేజీల లెక్కన దొరుకుతున్నాయి. నాకూ అక్కడే దొరికినాయి.

నా మొదటి ర్యాక్ 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 15 అంగుళాల లోతు. ఐదు అరలు. చూడ్డానికి సూపర్ మార్కెట్ లాగా ఉండాలని సామాన్లను రకాల ప్రకారం సర్దినాను. కింద రెండు అరల్లో టేపులు, స్లీవులు, కాయిల్ ఫార్మాలు, ఖాళీ డబ్బాలు. పైన స్టార్టర్లు, పాత స్టేటర్ కోర్లు, కప్లింగులు. అంటే దూది కింద, ఇనుము పైన. వెనక నుంచి కూడా చేయి పెట్టి తీసుకోవచ్చు కదా అని వీపు వైపు ఏమీ బిగించలేదు. గోడకు మాత్రం రెండు ప్లగ్గులు కొట్టి రెండు స్క్రూలు వేసినాను. నాయన చూసి, "గోడ మీద నమ్మకం పెట్టుకుంటాండావు" అన్నాడు. నేను వినలేదు.

పదకొండో రోజు సాయంత్రం మా తమ్ముడు పైనుంచి ఒక స్టార్టర్ లాగినాడు. ర్యాక్ ముందు పక్కకు ఊగింది, తర్వాత మెలితిరిగింది, గోడలోంచి స్క్రూ మట్టితో సహా ఊడొచ్చింది, మొత్తం ముందుకు వచ్చేసింది. వాడు చిన్నప్పటి నుంచీ కబడ్డీ ఆడేవాడు కాబట్టి వెనక్కి దూకినాడు. స్టేటర్ కోరు ఒకటి వాడు నిలబడిన చోట గచ్చును పగలగొట్టింది. ఆ గుంత ఇప్పటికీ ఉంది, నాయన పూడ్చనివ్వలేదు.

మరుసటి రోజు నోట్‌బుక్ తీసి లెక్క వేసినాను. కట్టకముందే వేయాల్సిన లెక్క.

మొదటిది, ఊగడం. నాలుగు పట్టీలను నాలుగు మూలల్లో ఒక్కో బోల్టుతో బిగిస్తే చతురస్రం వస్తుంది, కానీ దాన్ని చేత్తో నెడితే పక్కకు ఒరుగుతుంది. మెకానిక్స్ క్లాసులో దీన్నే మెకానిజం అంటారు, స్ట్రక్చర్ అనరు. బోల్టు ఎంత బిగించినా పట్టీలోని రంధ్రం బోల్టు కంటే కాస్త పెద్దది, కాబట్టి ప్రతి మూలా కొంచెం తిరుగుతుంది. అట్లాంటి మూలలు నా ర్యాక్‌లో 20 ఉన్నాయి. పైగా ఒకసారి ఒరిగిందంటే పైనున్న బరువే దాన్ని ఇంకాస్త ఒరగబెడుతుంది. మూలనుంచి మూలకు ఒక్క పట్టీ ఏటవాలుగా వేస్తే చతురస్రం రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజం ఒరగాలంటే ఏదో ఒక భుజం సాగాలి, లేదా వంగాలి, లేదా తెగాలి. అందుకే వీపు వైపు గుణకారం గుర్తులాగా రెండు పట్టీలు, రెండు పక్కలా ఒక్కోటి తప్పనిసరి. మూలల్లో త్రికోణపు రేకు ముక్కలు కూడా వేయాలి. వెనకనుంచి చేయి పెట్టే సౌకర్యం కోసం నేను వదిలేసింది దీన్నే.

రెండోది, బోల్తా కొట్టడం. ఏ వస్తువైనా దాని గరిమనాభి పాదం అంచు దాటి బయటికి పోతే పడుతుంది. నా ర్యాక్ లోతు 15 అంగుళాలు, అంటే నడిమధ్య నుంచి ముందు అంచుకు ఏడున్నర అంగుళాలు. బరువంతా పైన పెట్టినాను కాబట్టి గరిమనాభి సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది. టాన్ ఇన్వర్స్ తీస్తే 8 డిగ్రీలు కూడా రాలేదు. అంతమాత్రం వంగితే చాలు, పడిపోతుంది. అవే సామాన్లు తలకిందులుగా సర్ది గరిమనాభిని రెండడుగులకు దించితే 17 డిగ్రీల దాకా ఓర్చుకునేది. రూపాయి ఖర్చు లేకుండా రెండింతల భద్రత!

ఇంకో సంగతి. మా వైపు నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిస్తుంది, దానితోపాటు గచ్చు కూడా ఎగుడుదిగుడవుతుంది. ర్యాక్ వెనక కాలికి, ముందు కాలికి మధ్య ఒక్క అంగుళం పల్లముంటే దాదాపు 4 డిగ్రీలు అక్కడే పోతాయి. ఎనిమిదిలో సగం. తమ్ముడు లాగింది మిగిలిన సగాన్ని మాత్రమే.

మూడోది గోడ. నేను ఎక్కువ నేర్చుకుంది దీని దగ్గరే.

మా షెడ్డు వెనక గోడ కొత్తది కాదు, అవ్వ వాళ్ళ పాత మట్టిమిద్దె గోడ. రెండడుగుల మందం, గుండ్రాళ్ళు, మధ్యలో బంకమట్టి. డ్రిల్లు పెడితే రాయి తగిలితే బిట్టు అరుగుతుంది, సందు తగిలితే బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. నేను సందులు చూసుకుని మరీ వేసినాను, సులువుగా దిగుతోందని. ప్లగ్గు పనిచేసేదెట్లా? స్క్రూ తిప్పితే అది ఉబ్బి చుట్టూ ఉన్న గట్టి పదార్థాన్ని నొక్కుతుంది, ఆ రాపిడే దాని బలం. చుట్టూ మట్టి ఉంటే నొక్కడానికి ఏముంది?

అదే గోడలో అవ్వ కాలం నాటి గూళ్ళున్నాయి. దీపం గూడు, ఉప్పుకుండ గూడు, సందుకపెట్టె పట్టేంత పెద్ద గూడు. కట్టేటప్పుడే గోడ మందంలో వదిలిన ఖాళీలవి, పైన ఒక అడ్డరాయి. వాటిలో ఎంత బరువు పెట్టినా వందేళ్ళు చెక్కుచెదరవు. ఎందుకంటే ఆ బరువు నిలువుగా గోడలోకి దిగి పునాదిలోకి పోతుంది. మట్టిగోడ మోస్తుంది గానీ పట్టుకోదు. నేను దాన్ని పట్టుకోమన్నాను.

చిలక్కొయ్య కూడా పాత గోడల్లోదే కదా అని మా క్లాస్‌మేట్ ఒకడు అడిగినాడు. మంచి ప్రశ్న. కానీ చిలక్కొయ్యను గోడ కట్టేటప్పుడే రాళ్ళ మధ్య జానెడు లోపలికి పెట్టి కడతారు, దాని మీద పై రాళ్ళ బరువు కూర్చుంటుంది. పైగా దానికి తగిలించేది చొక్కా, తుండుగుడ్డ. స్టార్టర్ కాదు.

అందుకని రెండోసారి గోడను అడగడం మానేసి, బరువంతా నేలకే పోయేలా కట్టినాం. ఈసారి నాయన మాట, నా లెక్క కలిసినాయి.

అన్నిటికంటే కింద ఇనుము కాదు, బండ. తాడిపత్రి మన జిల్లాలోనే ఉంది, అక్కడి నల్ల సున్నపురాయి పొరలు పొరలుగా చీలుతుంది కాబట్టి కోతకు సులువు. ఊరూరా వంటింటి గట్టు నుంచి బాత్రూము అరల దాకా దాంతోనే చేస్తారు, బయటి జిల్లాల వాళ్ళు కడప బండ అంటారు. చెద పట్టదు, తుప్పు పట్టదు, గ్రీజు పడినా గుడ్డతో తుడిస్తే పోతుంది. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ సుమారు 30 కిలోలుంటుంది. ఆ బరువు కూడా మనకు లాభమే, ర్యాక్ అడుగున లంగరు లాంటిది.

కానీ బండకు ఒక గుణముంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, వంచితే చెప్పకుండా విరుగుతుంది. చెక్క అయితే ముందు కుంగి హెచ్చరిస్తుంది. ఇనుము వంగి చూపిస్తుంది. బండ నిన్నటిదాకా బాగానే ఉండి ఇవాళ రెండు ముక్కలవుతుంది. బరువు పెట్టినప్పుడు దాని పైముఖం నొక్కుకుంటుంది, కిందిముఖం సాగుతుంది. ఆ సాగదీత దానికి పడదు. సమంగా పరచిన బరువుకు ఈ సాగదీత ఆధారాల మధ్య దూరం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి 4 అడుగుల బండను రెండు చివర్ల మీద పెట్టడం కంటే, అటూ ఇటూ మధ్యలో సిమెంటు ఇటుకల చిన్న గోడలు కట్టి రెండేసి అడుగులు చేస్తే ఒత్తిడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మూడు గోడలూ ఒకే మట్టంలో ఉండాలి, లేదంటే మధ్య గోడ గునపంలా పనిచేస్తుంది. బండను తడి సిమెంటు మీద పరిస్తే ఆ ఎగుడుదిగుడులు సర్దుకుంటాయి. కొనేటప్పుడు రాయితో కొట్టి వినాలి. మంచి బండ ఖంగుమంటుంది, లోపల పగులున్నది బొద్దుగా పలుకుతుంది. నాయన ఆరు బండలు కొట్టి నాలుగు ఏరినాడు.

చెక్క అరలు వద్దా అంటే వద్దని కాదు. వాడితే మందం సంగతి గుర్తుంచుకోండి. వంపు మందం ఘనానికి విలోమంగా ఉంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బదులు 19 వాడితే అదే బరువుకు నాలుగో వంతే కుంగుతుంది. పొడవు మాత్రం ఇంకా పొగరుబోతు. అడుగుకు ఇంత అని ఒకే తీరున బరువు పరిస్తే వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 2 అడుగుల అరను 4 అడుగులు చేస్తే 16 రెట్లు కుంగుతుంది. హాస్టల్లో పుస్తకాల అర మధ్యలో ఊయలలా వేలాడేది ఇందుకే. మందం చెక్క కొనే డబ్బు లేకపోతే ముందంచుకు కింద ఒక నిలువు పట్టీ కొట్టండి, చాలావరకు సరిపోతుంది. ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి, ఐఎస్ 710 అని ఉంటే నీటికి ఓర్చే మెరైన్ రకం. 

మా ఊర్లో చెద మామూలు శత్రువు కాదు. అది గోడవెంట మట్టి సొరంగం కట్టుకుంటూ వస్తుంది, వెలుతురులోకి రాదు. కాబట్టి ర్యాక్‌ను గోడకు ఆనించకుండా రెండు మూడంగుళాలు ఎడం వదలాలి, కింది అరను నేలకు అరడుగు ఎత్తులో పెట్టాలి. అప్పుడు చెద రావాలంటే అందరి కళ్ళ ముందూ కాలి మీదుగా సొరంగం కట్టాలి. వారానికోసారి చీపురుతో కొడితే సరి. అవ్వ వెన్నకుండను ఉట్టిలో పెట్టడం, తిండి బీరువా కాళ్ళను నీళ్ళగిన్నెల్లో నిలబెట్టడం ఇదే కిటుకు. దారి తెంచడం.

బండ అరలకు పైన రెండు ఇనుప ర్యాకులు నిలబెట్టినాం. ఈసారి ఒకదాని పక్కన ఒకటి వరుసగా కాదు, షెడ్డు మూలలో 'ఎల్' ఆకారంలో, రెంటినీ మూల దగ్గర ఆరు బోల్టులతో కలిపి. ఒకటి ముందుకు పడాలంటే రెండోది తన పొడవు దిక్కున కదలాలి, ఆ దిక్కున దానికి ఏటవాలు పట్టీలున్నాయి. ఒకరి చేయి ఒకరు పట్టుకున్నట్టు. మా మట్టిగోడతో పని లేకుండానే నిలబడింది. మీ ఇంట్లో కాంక్రీటు దూలమో, గట్టి ఇటుక గోడో ఉంటే మాత్రం దానికి కూడా ఒక పట్టీ బిగించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే ఇది ఐచ్ఛికం కాదు.

ఇక ఏది ఎక్కడ అనే దగ్గర నాకూ నాయనకూ గొడవ. నా గరిమనాభి లెక్క ప్రకారం బరువైనవన్నీ అట్టడుగున. "నువ్వు వంగి ఎత్తు రోజుకు ఇరవైసార్లు, తెలుస్తుంది" అన్నాడు. ఆయన నడుము పదేళ్ళుగా నొప్పి. వెతికితే అమెరికాలో నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన ఎత్తుడు లెక్క దొరికింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషికి అది పెట్టిన హద్దు 23 కిలోలు, అదీ నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో, ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడు. నేల మీద నుంచి ఎత్తాలంటే హద్దు ఇంకా తగ్గుతుంది. అంటే నాయన నడుము చెప్పింది కూడా లెక్కే. చివరికి రాజీ ఇట్లా కుదిరింది. నలభై యాభై కిలోల సబ్‌మెర్సిబుల్ మోటర్లు అసలు ర్యాక్ ఎక్కవు, చైన్ పుల్లీ కింద గచ్చు మీదే, రాతి కూసాల మధ్య పడుకుంటాయి. పది ఇరవై కిలోల స్టార్టర్లు, కోర్లు బండ మీద, నడుము ఎత్తుకు కాస్త దిగువన. భుజం పైన ఉండేవన్నీ ఒంటిచేత్తో తీసేవే. వార్నిష్ డబ్బాలు మాత్రం రేకుల వేడికి, వెల్డింగ్ నిప్పురవ్వలకు, స్విచ్ బోర్డుకు దూరంగా తలుపు పక్క కింద.

చిన్న సామాన్లకు డబ్బాలు కొనలేదు. 15 కిలోల నూనె డబ్బా మన దగ్గర ఏ ఇంట్లో లేదు? దాన్ని నిలువునా కాకుండా మూల నుంచి మూలకు ఏటవాలుగా కోస్తే రెండు తొట్లొస్తాయి, ముందు పల్లం, వెనక ఎత్తు. కోసిన అంచును సుత్తితో లోపలికి మడవాలి, లేకపోతే వేళ్ళు తెగుతాయి. మేం 14 చేసినాం. ఆషాఢం గాలి మొదలైతే హగరి ఇసుక ఇంట్లోకి, అన్నంలోకి, అన్నిటిలోకి వస్తుంది. ఏటి ఒడ్డున పొలాల మీదికి ఇసుక దిబ్బలే వచ్చి కూర్చుంటాయి. ఆ దుమ్ము బేరింగులో పడిందంటే కొత్తది కూడా పాతదే. అందుకే బేరింగులు, సీళ్ళు మూతలున్న సీసాల్లో. సీసా మూతలను అరకు అడుగు వైపు స్క్రూతో బిగించినాం, సీసా తిప్పితే చేతికొస్తుంది. గాజులోంచి ఏముందో కనిపిస్తుంది కూడా.

కనిపించడమే అసలు సంగతి. ఫ్యాక్టరీల్లో జపాన్ వాళ్ళ ఫైవ్ ఎస్ పద్ధతి గురించి మనం పరీక్షకు రాస్తాం. అందులో ఒక ముక్క, పనిముట్టు ఉండే చోట దాని ఆకారం గీయడం. అమెరికాలో వంటల పుస్తకాలు రాసిన జూలియా చైల్డ్ ఇంట్లో 1961లో ఆమె భర్త గోడ పలకకు గిన్నెలన్నీ తగిలించి ఒక్కోదాని చుట్టూ గీత గీసినాడట, ఆ వంటిల్లు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మేం పాత తలుపు చెక్కను రెండు ర్యాకుల మధ్య నిలబెట్టి, తెల్లరంగు వేసి, స్పానర్లు, పుల్లర్లు పెట్టి చుట్టూ నల్లగా గీసినాం. ఖాళీ గీత కనిపిస్తే ఏది పోయిందో తెలుస్తుంది, ఎవరు తీసుకుపోయినారో కూడా నాయనకు గుర్తొస్తుంది. తొట్ల మీద పేర్లు నేను ఇంగ్లీషులో రాసి అతికించినాను. రెండు రోజుల తర్వాత చూస్తే నాయన వాటిమీద ఒక్కో అసలు వస్తువునే తీగతో కట్టేసినాడు. బుష్ తొట్టికి బుష్, నట్టు తొట్టికి నట్టు. చదవాల్సిన పని లేదు, చీకట్లో తడిమినా తెలుస్తుంది. నా స్టిక్కర్లకంటే అదే మేలు.

రెండో ర్యాక్ కట్టినాక నిండుగా సామాన్లు పెట్టి, నేనూ తమ్ముడూ దాని పైఅంచు పట్టుకుని ఊపి చూసినాం. మీరు కూడా ఈ పరీక్ష చేయకుండా వాడకండి, చేసేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. బోల్టులు నెల తర్వాత ఒకసారి, మళ్ళీ ఆషాఢం ముందు ఒకసారి బిగించాలి. మొన్న ఉగాదికి ఇంటికి పోయినప్పుడు చూస్తే ముందుకాలి కింద గచ్చు ఒక పావు అంగుళం దిగింది. నాయన అప్పటికే రేకు ముక్క ఒకటి మడిచి కింద పెట్టినాడు. మా అమ్మ 'ఎల్' మూలలో ఖాళీగా ఉన్న ఒక అర చూసుకుని చింతపండు జాడీ పెట్టింది. దాని చుట్టూ కూడా నల్లగా గీత గీసి ఉంది.